మూత పెట్టని అన్నం

బుధవారం పొద్దున రాయదుర్గం మలుపులో నర్సయ్య సంచీ రోడ్డు మీద పడింది. టిఫిన్ గిన్నె దొరికింది. తువ్వాలు దొరికింది. వంటలు రాసుకున్న నోటుబుక్కు మాత్రం దొరకలేదు.

శుక్రవారం ఉదయం అతని భార్య మల్లమ్మ మాదాపూర్‌లోని కంపెనీ గెస్ట్‌హౌస్‌కు వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు ఇంకా ఆరలేదు. చేతిలో కోడిమాంసం, రొయ్యల పొట్లాలు. నర్సయ్య పని చేసే వంటింటి గుమ్మం బయటే నిలబడింది.

"లోపటికి రావచ్చునా అమ్మా?"

మేనేజరు జయంతి అటూ ఇటూ చూసి దారి ఇచ్చింది. "రా మల్లమ్మా. ఎవరేమనుకుంటే నాకేం?"

"ఆయన ఈడ చేసే పచ్చన్నం కావాలె. పన్నెండింటికల్లా ఖాజాగూడకు పట్టుకపోవాలె. మా అత్త, చుట్టాలు అందరు ఆడనే ఉంటరు."

"పాయెల్లానా? నోటుబుక్కు లేకుండా ఎలా?"

"నువ్వు పక్కన నిలబడి చూసినవు గద. జర చెప్పమ్మా."

హైటెక్ సిటీలో కంప్యూటర్ కంపెనీల గుండ్రటి భవనం తెరిచి ఏడాదైనా కాలేదు. అక్కడ పనికి వచ్చిన స్పెయిన్ ఇంజనీరు ఒకాయన రెండు నెలలు ఈ గెస్ట్‌హౌస్‌లో ఉన్నాడు. కోడి, రొయ్యలు, కుంకుమపువ్వు వేసి వండే తమ దేశపు అన్నం పాయెల్లాను నర్సయ్యకు నేర్పి వెళ్ళాడు. మంగళవారం నర్సయ్య దాన్ని గిన్నెలో పెట్టుకుని మురిసిపోతూ ఇంటికి తెచ్చాడు. మల్లమ్మ ముక్కు మూసుకుంది.

"కోడి, రొయ్య ఒక్క గిన్నెలనా? ఇద్దరు సవతులను ఒక్క ఇంట్ల పెట్టినట్టుంది!"

నర్సయ్య నవ్వలేదు. "ఒకనాడు నువ్వే వండి నాకు పెడ్తవు. అప్పుడు ఎరుకైతది" అన్నాడు. మర్నాడు పొద్దున ఏమీ తినకుండా మోపెడ్ ఎక్కాడు.

"కోపం మీద పోయిండమ్మా" అంది మల్లమ్మ. "ఇయ్యాల తినకపోతే నన్ను మాఫ్ చెయ్యనట్టే. మా అత్త గదే అంటది. నాకు భయమైతుంది."

జయంతి అల్మారా పైనుంచి వెడల్పాటి పెనం కిందికి దించింది.

నూనెలో కోడిముక్కలు ఎర్రబడ్డాయి. ఉల్లి, టమాటా మగ్గాయి. మల్లమ్మ బియ్యం వేసి, కుంకుమపువ్వు నానిన వేడినీళ్ళు పోసింది. పైన రొయ్యలు పేర్చింది. చేయి అలవాటుగా మూత కోసం వెళ్ళింది.

"మూత పెట్టకు! కలపకు కూడా. నర్సయ్య ఎవరినీ గరిటె ముట్టనిచ్చేవాడు కాదు."

మూత లేకుండా అన్నం ఉడుకుతుందా? మల్లమ్మ గరిటెను వీపు వెనక దాచుకుంది. కాసేపటికి మాడు వాసన వచ్చింది.

"అమ్మా, మాడుతుంది!"

"మాడనీ. అడుగు కాస్త పట్టాలి. అసలు రుచి అదేనట."

బుద్ధి తెలిసినప్పటి నుంచి మల్లమ్మ ఒక్కనాడూ అన్నం మాడ్చలేదు. కళ్ళు మూసుకుని ఆ వాసన భరించింది.

"ఉప్పు చూడు" అంది జయంతి.

"ఎట్ల చూస్తనమ్మా? పెట్టేదాన్ని ముందుగాల మనం ఎంగిలి చేస్తమా?"

జయంతి కూడా చూడలేదు. ఉప్పు సరిపోయిందో లేదో ఎవరికీ తెలియకుండానే పెనం దిగింది.

ఆటోలో మల్లమ్మ ఆ వేడి పెనాన్నే గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కొంగులోంచి సెగ తగులుతున్నా చేతులు చల్లగానే ఉన్నాయి. రాయదుర్గం మలుపు దగ్గర తల తిప్పుకుంది.

ఖాజాగూడ చెరువు పక్కన బంధువులు అప్పటికే చేరారు. అత్త చంద్రమ్మ పెనంలోకి తొంగి చూసింది.

"ఇదేందే, పసుపునీళ్ళల్ల ముంచినట్టు? నా కొడుకు గిది తింటడా?"

"తింటడత్తా. నన్ను వండి పెట్టుమన్నది గిదే."

"చూస్త. వాడు ముట్టందే ఈడ ఎవలం మెతుకు ముట్టం. యాదుంచుకో."

మల్లమ్మ విస్తరాకులో వడ్డించింది. అడుగంటిన పెచ్చును గీకి అన్నిటికంటే పైన పెట్టింది.

"తప్పైంది. ఇగ కోపం జెయ్యకు, తిను" అంది, తనకే వినిపించేంత మెల్లగా.

పక్కకు జరిగి నిలబడింది. ఉప్పు ఎక్కువైందేమో. రొయ్య సరిగా ఉడకలేదేమో. మాడు మరీ ఎక్కువైందేమో.

అవతల కొత్త భవనాల కోసం బండలు పేల్చేవాళ్ళ విజిల్ వినిపించింది. ఆ వెంటనే నేల అదిరింది.

చెరువుగట్టు చెట్ల మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచి వెళ్ళిపోయాయి; నర్సయ్యను పూడ్చిన పచ్చిమట్టి మీద పెట్టిన మూడోనాటి విస్తరాకును మధ్యాహ్నం రెండు దాటినా ఒక్క పిట్టా ముట్టలేదు.