పన్నెండు మెట్లు

పైన మరో పళ్లెం పగిలింది.

కింద గదిలో ఎదురెదురు సోఫాల్లో కూర్చున్న వియ్యంకులిద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. ఒకేసారి మొహాలు తిప్పుకున్నారు.

"ఇది మూడోది," అన్నాడు జాసిబ్, గోడతో చెబుతున్నట్టు.

"నాకూ చెవులున్నాయి," అన్నాడు రఊఫ్, కిటికీతో.

బాగ్దాద్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఒకే డబ్బాలో అన్నం తిన్న స్నేహితులు వాళ్లు. జాసిబ్ షియా, రఊఫ్ సున్నీ. నమాజులో ఒకరు చేతులు కట్టుకుంటారు, ఒకరు కట్టుకోరు. అంతకుమించి ఆ తేడా వాళ్లకు ఎన్నడూ అడ్డు రాలేదు. జాసిబ్ కొడుకు సజ్జాద్‌కి రఊఫ్ తన కూతురు మైసూన్‌నిచ్చి పెళ్లి చేశాడు. పెళ్లికి అతనిచ్చిన పింగాణీ సెట్టు ఈ గదిలోనే గాజు బీరువాలో తళతళలాడుతోంది.

నల్లజెండాల తీవ్రవాదులు మోసుల్ నగరాన్ని పట్టుకున్న వారంలో, ఇక్కడే, భోజనాల దగ్గర మాట వచ్చింది. అమెరికా విమానాలను మళ్లీ పిలవాలా, వద్దా? పిలవాలని జాసిబ్. వద్దని రఊఫ్. సగం తిన్న చేప వదిలేసి లేచినవాళ్లు, పది రోజులుగా ఒకరి మొహం ఒకరు చూడలేదు.

ఈ మధ్యాహ్నం ఇద్దరికీ ఫోన్లు వచ్చాయి. "నాన్నా, తొందరగా రా. మా కాపురం నిలిచేట్టు లేదు." గుమ్మంలో జాసిబ్ చెప్పులు చూసి రఊఫ్ వెనక్కి తిరగబోతే మొదటి పళ్లెం పగిలింది. అతన్ని చూసి జాసిబ్ లేచి వెళ్లిపోబోతే రెండోది.

"ఈ ఇంట్లో ఇంకొక్క రోజు ఉండను!" పైనుంచి మైసూన్ గొంతు.

"తలుపు తీసే ఉంది!" సజ్జాద్ గొంతు.

రఊఫ్ లేచాడు. "నేను పైకి వెళ్తున్నాను."

"కూర్చోండి. మొగుడూ పెళ్లాల మధ్యకి మూడోవాళ్లు వెళ్లకూడదు."

"అలాగా! సముద్రాలు దాటి విమానాల్ని రమ్మంటారు. మీరు మాత్రం పన్నెండు మెట్లు ఎక్కరు!"

జాసిబ్ మొహం ఎర్రబడింది. "మీ సంగతేంటి? మోసుల్‌లో ఏమైనా సరే, ఎవరూ రాకూడదు. మీ అమ్మాయి గొంతు కాస్త పెరిగితే మాత్రం పరుగే!"

"అది నా కూతురు!"

"తల్ అఫర్ వదిలి పారిపోయింది నా చెల్లెలు!"

వీధి చివర జనరేటర్ ఆగింది. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి నిలిచిపోయింది.

రఊఫ్ మళ్లీ కూర్చున్నాడు. "నజీహాయా? వాళ్లు అక్కడికీ వచ్చారా?"

"వచ్చారు. అది పిల్లల్ని వేసుకుని రెండు రోజులు నడిచింది. చెప్పులు కూడా తెగిపోయాయట. ఇప్పుడు సింజార్‌లో ఏదో బడి వరండాలో ఉంది. మునిగిపోయేవాడు దొంగ చెయ్యందించినా పట్టుకోడా, బావగారూ?"

రఊఫ్ మోకాలు రుద్దుకున్నాడు. "మా అన్నయ్య మోసుల్‌లోనే ఉన్నాడు. పక్కింటి మిద్దె మీద ఆ నల్లజెండా ఎగురుతోందట. పైనుంచి పడే బాంబుకి ఏ మిద్దె ఎవరిదో ఎవరు చెబుతారు? ఆరోజు ఆ మాటే చెప్పబోయాను. మీరు చేపముక్క విసిరారు."

"విసరలేదు. జారింది."

"జారిన ముక్క నా గడ్డానికెలా తగిలింది?"

"గడ్డం అడ్డొచ్చింది," అని జాసిబ్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. దగ్గుతూనే కెటిల్ అందుకున్నాడు. టీ ఇంకా వేడిగా ఉంది. "ఇంత గొడవలోనూ రెండు గ్లాసులు, ఖర్జూరం బిళ్లలు పెట్టి వెళ్లారు. మంచి పిల్లలు. మన తగువే ఆ మెట్లెక్కి వాళ్లకి అంటుకుంది."

రఊఫ్ అడక్కుండానే జాసిబ్ అతని గ్లాసులో మూడు చెంచాల చక్కెర వేశాడు.

"అమెరికా సైన్యం వెళ్లిపోయిన రోజు గుర్తుందా?" అన్నాడు రఊఫ్. "మళ్లీ రాకుండా పోవాలని వాళ్ల వెనకాల మట్టికూజా పగలగొట్టాం."

"కొన్నది నేను. పగలగొట్టింది నువ్వు."

"మొదటిసారి పగిలితేగా! దొర్లుకుంటూ మన దగ్గరికే వచ్చింది."

"రెండోసారి నా కాలి మీద పడింది. అందుకే ఇవాళ మళ్లీ వాళ్ల మాట వచ్చింది. తప్పంతా నీ చేతిది."

'మీరు' ఎప్పుడు పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

"పిలవాలో వద్దో ఇందాకటిదాకా నాకు తెలుసనుకున్నాను, జాసిబ్. నజీహా మాట విన్నాక తెలియడం లేదు."

"మీ అన్న మాట విన్నాక నాకూ అంతే. ఏ మిద్దె ఎవరిదో పొరపడనివాడు దేవుడొక్కడే."

పైన నాలుగోది పగిలింది.

"ముందు ఈ మిద్దె సంగతి చూద్దాం పద," అని జాసిబ్ లేచాడు. "ఇద్దరం కలిసే వెళ్దాం. నేను నా కొడుకుని తిడతాను. నువ్వు నీ కూతుర్ని తిట్టు."

"ఇద్దరి మాటా విన్నాకే."

"సరే. సాయంత్రం నమాజు వేళకి దిగి వచ్చెయ్యాలి. వెళ్లాం కదా అని అక్కడే తిష్ట వెయ్యకూడదు."

"ఈ షరతు ఆ సైన్యానికి పెట్టి ఉంటే ఎంత బాగుండేదిరా!"

రఊఫ్‌కి మోకాలి నొప్పి. జాసిబ్ భుజం అందించాడు. ఆరో మెట్టు దగ్గర రఊఫ్ తూలాడు.

"కూజాలా దొర్లకు! మళ్లీ నా కాలి మీదే పడతావు!"

అంతే. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఇక ఎక్కలేక, ఆ మెట్టు మీదే పక్కపక్కన చతికిలబడ్డారు.

పైన మైసూన్ మొగుడి చేతిలోంచి అంచు విరిగిన పాత పళ్లెం తీసేసుకుని, "ఇక చాలు, నవ్వుతున్నారు," అంది.