ఆరు అగ్గిపెట్టెలు

బెల్లు నొక్కడం అది నాలుగోసారి. లోపలెక్కడో లైటు వెలిగి ఆరుతోందే తప్ప, బెల్లు మోగిన పాపాన పోలేదు.

"వైరింగు కూడా ఈవిడే చేసుకున్నట్టుంది" అని గొణుక్కున్నాడు ప్రొఫెసరు.

ఆయన చేతిలో ఓ గుడ్డసంచి. సంచిలో ఆరు అగ్గిపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో కీచురాయి.

ఈయన అల్లాటప్పా ప్రొఫెసరు కాదు. కీచురాళ్ళ మీద ఆయన రాసిన పుస్తకం చదవందే ఆ శాస్త్రంలో ఎవరూ నోరు విప్పరు. అలాంటి పుస్తకంలో నూట నాలుగో పేజీ తప్పని ఈ ఇంటావిడ మూడేళ్ళుగా ఉత్తరాలు రాస్తోంది. 'మీరు ఒకటే జాతి అన్న గోధుమరంగు కీచురాయి నిజానికి రెండు జాతులు. చూపుకి తేడా లేదు. పాట వేరు.'

రాసేదేమైనా సైంటిస్టా అంటే అదీ కాదు. డిగ్రీ లేదు, ల్యాబు లేదు. గడియారాలు బాగుచేసుకునే మనిషి. ముందుగదిలో రిపేరు బల్ల, వెనకగదిలో పురుగులు.

మొదటి రెండు ఉత్తరాలూ చెత్తబుట్టలోకి వెళ్ళాయి. మూడోదానికి ఒళ్ళు మండి ఆయన ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పదిసార్లు చేశాడు. వారం తర్వాత ఓ కార్డు ముక్క వచ్చింది. 'ఫోన్లు వద్దు. ఉత్తరం రాయండి.'

"ఎంత పొగరు!" అనుకున్నాడు.

అనుకున్నాడే గానీ, మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఎవరికీ చెప్పకుండా జన్యు పరీక్ష చేయించాడు. ఫలితం చూసి ముచ్చెమటలు పోశాయి. రెండు జాతులే!

ఇక మిగిలింది ఒక్కటే ఆశ. చీకట్లో విసిరిన రాయి తగిలిందేమో. అదే తేల్చుకుందామని, ఏది ఏ జాతో ముందే పరీక్ష చేయించిన ఆరింటిని పట్టుకుని స్వయంగా వచ్చాడు.

తలుపు తీసింది ఆవిడ భర్త. రిటైరైన బస్సు కండక్టరు.

"రండి రండి, లోపలికి జరగండి! పెరట్లో ఉన్నాను, చూసుకోలేదు. ఆవిడ పనిలో పడితే ఇల్లు కూలినా పట్టదు."

ఆవిడ వాచీ మీద వంగి కూర్చుంది. భర్త బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఎదురుగా నిలబడి, ట్రాఫిక్ పోలీసులా చెయ్యి ఊపాడు. "ప్రొఫెసరుగారు వచ్చారు."

ఆవిడ లేచింది. కుర్చీ చూపించింది. ఆ తర్వాత ఆయన ముఖంలోకి అదే పనిగా చూడడం మొదలుపెట్టింది.

"నా ముఖం మీద ఏమైనా పాకుతోందా?" అన్నాడు ప్రొఫెసరు.

"లేదండీ. మీసం కాస్త కత్తిరించుకుంటే బాగుంటుంది" అంది, వీధంతా వినబడేంత గట్టిగా.

ప్రొఫెసరుకి చిర్రెత్తుకొచ్చింది. సంచి బోర్లించాడు. "ఆరున్నాయి. జాతి పేరు అడుగున రాసి ఉంది, తిప్పకూడదు. ఏవి ఏవో చెప్పండి."

మూసిన పెట్టెలో చీకటి. చీకటైతే కీచురాయి ఊరుకోదు. కాసేపటికి ఒక్కొక్కటే అందుకున్నాయి. పెట్టెలు సన్నగా అదురుతున్నాయి. ప్రొఫెసరు ముందు తన చెవికి ఆనించుకుని చూశాడు. ఆరూ ఒకటే పాట. ఇసుమంత తేడా లేదు.

ఆవిడ మొదటి పెట్టె తీసుకుంది. ఫిడేలు వాయించేవాళ్ళలా దవడ కింద నొక్కిపెట్టి కళ్ళు మూసుకుంది. ఒక నిమిషం. కళ్ళు తెరిచి ఎడమపక్క పెట్టింది. రెండోది కుడిపక్క.

మూడోది నడుస్తుండగా ఆయనకి గొంతు ఎండిపోయింది. "కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకోసారి గట్టిగా అడిగాడు. ఆవిడ కనురెప్పైనా కదల్లేదు. భర్తే పరుగెత్తి తెచ్చాడు.

గ్లాసు ఎత్తి గటగటా తాగాడు గానీ ఆ అవమానం మాత్రం దిగలేదు.

మూడు, నాలుగు ఎడమకి వెళ్ళాయి. ఐదోదాని దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఎడమకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ దవడకి ఆనించుకుంది. ప్రొఫెసరు ముందుకు వంగాడు. దొరికింది!

"ఇది చెప్పలేనండీ" అందావిడ. "దీని రెక్కకి దెబ్బ తగిలింది. పాట సగంలో విరిగిపోతోంది. ఊహించి చెప్పమంటే చెప్పను."

ఆరోది కుడివైపు చేరింది.

ప్రొఫెసరు ఒక్కొక్కటే తిరగేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు. ఒక్కటీ తప్పలేదు. ఐదో పెట్టె కొద్దిగా తెరిచి భూతద్దం పెట్టాడు. కుడిరెక్క అంచు చిరిగి ఉంది. దారిలో బస్సు కుదుపులకేమో.

నాలుగొందల పేజీల పుస్తకంలో 'ఇది నాకు తెలియదు' అని తను ఒక్కచోటైనా రాశాడా అని గుర్తుచేసుకుంటున్నాడు. గుర్తుకు రాలేదు.

"నూట నాలుగో పేజీ మారుస్తానమ్మా" అన్నాడు చివరికి. "మీరు కనిపెట్టారని రాసి మరీ మారుస్తాను."

ఆవిడ కళ్ళు నిండాయి. వాచీలు తుడిచే గుడ్డతోనే తుడుచుకుంది. "ఇరవై రెండేళ్ళుగా కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నానండీ. మా ఆయన తప్ప పట్టించుకున్న నాథుడు లేడు."

సాగనంపడానికి భర్త గేటు దాకా వచ్చాడు. ప్రొఫెసరు అక్కడ ఆగిపోయాడు.

"నలభై ఏళ్ళుగా కీచురాళ్ళు వింటున్నానండీ, నాకే ఆ తేడా వినబడలేదు. అసలు మీ ఆవిడవి ఎలాంటి చెవులండీ?"

కండక్టరు ఆయన్ని వింతగా చూశాడు.

"చెవులెక్కడివండీ, తొమ్మిదో ఏటే జ్వరమొచ్చి రెండూ పోయాయిగా!"