‘ప్రకటన’ అని వేయాల్సిందే

డబ్బు తీసుకుని వేసిన వార్త వార్త కాదు, పాఠకుణ్ణి మోసం చేయడం. దాని నెత్తిన ‘ప్రకటన’ అని వేయాల్సిందే. ఈ ఒక్క మాట కోసం ప్రొఫెసర్ శశిభూషణ్ పాతికేళ్లు పరిశోధన చేశాడు, కనిపించిన ప్రతి పత్రికాధిపతితోనూ తగువులాడాడు. చివరికి రాజమండ్రిలో ఒక చిన్న పేపరు సిగ్గుపడి, ఈ నెల నుంచి ఆ నియమం పెట్టుకుంది.

రెండో రోజే అందులో ఆయన ఫొటో వచ్చింది. కింద ‘మీడియా విలువల కోసం మేధావి పోరాటం’. పైన ‘ప్రకటన’.

ఎడిటర్‌కి ఫోన్ చేశాడు.

“ఏంటండీ ఇది? ఎల్లుండి వైస్ ఛాన్సలర్ పోస్టుకి నా ఇంటర్వ్యూ. నా మీద వచ్చిన వార్తలన్నీ ఫైలు చేసుకుని వెళ్తున్నాను. నేను మీకు డబ్బిచ్చానా?”

“మీరివ్వలేదండి. మేడంగారిచ్చారు.”

వంటింట్లో హైమ పనసపొట్టు కొడుతోంది.

“పెయిడ్ న్యూస్ మీద పుస్తకాలు రాసినవాడి భార్య పెయిడ్ న్యూస్ వేయిస్తుందా? నా పరువేం కావాలి?”

“నా మీద అరుస్తారేంటండీ? నేనెప్పుడూ ఇచ్చినట్టే ఇచ్చాను. దాని నెత్తిన ఆ మాట వేయించింది మీరు.”

శశిభూషణ్ గొంతు తగ్గింది. “ఎప్పుడూ అంటే?”

హైమ కత్తి ఆపలేదు.

“ఆ ఫైలు ఇలా తేండి. నేనివ్వకుండా వచ్చినవేవో ఏరిపెడతాను. ఎంతోసేపు పట్టదు.”