మౌనప్రార్థనలో కంజిర

మా శంషాబాద్ చర్చిలో అందరం కళ్ళు మూసుకుని మౌనప్రార్థన చేస్తున్నాం. పాటలకు కంజిర వాయించేది మా బాపే. ఆయన ఒళ్ళో ఉన్న కంజిర దానంతటదే ఘల్లుఘల్లుమంది.

బాపు చెయ్యి వణుకుతోందని నాకొక్కదానికే తెలుసు. అందరికీ తెలిస్తే కంజిర లాగేసుకుంటారని భయమేసి, "హల్లెలూయా!" అని అరిచాను. ఆత్మ దిగిందని చర్చంతా లేచి చప్పట్లు కొట్టింది.

బయటికొచ్చాక బాపు అడిగాడు. "ఏంది జూలీ, ఎన్నడు నోరు తెరవనిదానివి, గియ్యాల గట్ల ఒర్రినవ్?"

"ఆత్మ వచ్చింది బాపూ."

"నాకు ఈస్టర్ సంది వస్తంది. తలకాయ స్కానింగ్ తీసి, లోపల నరాలు పాడైతున్నయని డాక్టర్ గోలీలు రాసిండు. వాయిస్తుంటే ఆగుతది, ఊకుంటే వణుకుతది. మీ అమ్మకు చెప్పకు."

నాలుగడుగులు వేసి ఆగాడు.

"వచ్చే ఆదివారం జర గట్టిగ ఒర్రు బిడ్డా."