కోరయ్య కొలత

ఆ అడవిపందుల మందలో ఒక రివాజు ఉంది. అందరికంటే వేగంగా పరుగెత్తుకొచ్చి, నాగజెముడు పొదకు ముట్టె తగిలీ తగలకుండా ఆగినవాడే మందకు పెద్ద.

కోరయ్య అనే మగపంది పోటీకి ముందురోజే సాధన చేశాడు. మామూలు పరుగులో వచ్చి కాళ్లు బిగబట్టి ఆగితే, నేల మీద రెండు మూరల గీత పడింది. పోటీలో రెండింతల వేగంతో రావాలనుకున్నాడు కాబట్టి, పొదకు నాలుగు మూరల ముందు గుర్తు పెట్టుకున్నాడు.

"ఎనిమిది మూరలు వదలాలి మామా," అంది పోటీ రోజు, బండ మీద ఎండకు పడుకున్న ఉడుము.

"వేగం రెండింతలైతే ఊపు రెండింతలు, గీతా రెండింతలు. నాకే లెక్కలు చెబుతావా?"

"ఊపు రెండింతలే మామా, ఆగడానికి పట్టే సేపూ రెండింతలే. కానీ ఆ సేపంతా రెండింతల జోరుతో జారుతుంటావు కదా. నేలను నాలుగింతలు దున్నాలి."

కోరయ్య చెవులు విదిల్చి పరుగందుకున్నాడు. గుర్తు దగ్గర కాళ్లు బిగబట్టాడు. కాళ్లు బాగానే బిగిశాయి. పొద కూడా బాగానే విరిగింది.

మంద పొద చుట్టూ చేరింది. కాసేపటికి ముళ్ల లోపలి నుంచి కోరయ్య గొంతు వినిపించింది.

"నా లెక్క తప్పలేదు. పొదే ఇటు జరిగింది."

ఉడుము బండ దిగి వచ్చి, ఓపిగ్గా కొలిచి చూసింది.

"నిజమే మామా. సరిగ్గా నాలుగు మూరలు జరిగింది."