కొంగుకెక్కిన కొంగ

"కొంగు నలుపు అన్న సత్తయ్యన్నా. కొంగ నిలుపు అన్ననా?"

శారద కొత్త చీరను సత్తయ్య మగ్గం పక్కనే చాప మీద పరిచి నెత్తి పట్టుకుంది. నల్లగా ఉండాల్సిన కొంగు వరిపచ్చగా ఉంది. దాని నడుమ తెల్లకొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఆమెనే చూస్తోంది.

సిరిసిల్లలో కరెంటుతో నడిచే సాంచాల మోత నడుమ ఇంకా చేతిమగ్గం నేసే సత్తయ్యకు ఫోన్‌లో వినబడేది సగం, ఊహించుకునేది సగం. ఆ రెండో సగాన్ని నమ్ముకుని మానేరు ఒడ్డున మోకాలిలోతు బురదలో దిగాడు. కొంగ చేప కోసం నిలబడితే, ఈయన కొంగ కోసం నిలబడ్డాడు. అది కాలితో బురద కెలికి, బెదిరి బయటికొచ్చిన చేపపిల్లను పొడుచుకోవడం చూశాడు. మెడ మడత, తల వెనక వేలాడే రెండు ఈకలు, ఏదీ వదలకుండా నేశాడు.

"నలుపు లేదంటవేంది చెల్లె? ముక్కు నలుపు, కాళ్లు నలుపు. పాదాలేమో పసుపు రాసుకున్న ముత్తైదువ లెక్క."

శారదకు ఏడుపొక్కటే తక్కువ. రేపే కోరుట్లలో గృహప్రవేశం. పళ్లూడినా పట్టు ఊడని అత్త బుచ్చవ్వ, తను చెప్పిన చీర లేకపోతే కొత్తింటి గడప తొక్కనంది. శుభకార్యానికి నలుపేమిటని అత్తను అడగలేక శారద తనలో తనే పోరిపోరి అలిసింది. ఆఖరికి లోకం నవ్వినా సరేనని ఒప్పుకుంటే, ఇప్పుడు ఇది. వేములవాడ దర్శనం చేసుకుని వచ్చిన ఆ అత్త బయట ఆటోలోనే ఉంది.

"నువ్వు కొంగజపం చేసినవు. ఇగ నేను రామజపం చెయ్యాలె. మా అత్త నన్ను నిలువునా నిలుపుతది."

అంతలో బుచ్చవ్వే లోపలికి వచ్చింది. వెనకే మంచినీళ్లకని ఆటో అతను. సత్తయ్య మగ్గం చాటుకు జరిగాడు. బుచ్చవ్వ కొంగు అందుకుని తడిమింది. పసుపు పాదాల దగ్గర వేలు ఆగింది.

"నాట్లేసినన్ని దినాలు గిదే నా ఎంబడి తిరిగింది," అంది మెల్లగా. "కొత్తింట్లకు దీన్ని గూడ తోల్కపోవాలె అనుకున్న."

శారద తెల్లబోయింది. "మరి కొంగు నలుపు అన్నవు గద అత్తమ్మా?"

బుచ్చవ్వ బోసినోటితో నవ్వి, అందరికీ వినబడేలా విడమరిచింది.

"నలుపెవలు అడిగిండ్రే? కొంగ నిలుపు అన్న. పండ్లు లేని నా నోట్లకెళ్లి నీ చెవుల పడి నలుపైంది. గీయన చెవుడుల పడి మళ్ల నిలుపైంది."