పదకొండో వేలు

"నీ పది వేళ్లూ ఆనించి సూసినాను. తెరుసుకోనేదు. ఎవుడి వేలే అది?" ఫోను పట్టుకుని నూకయ్య ఊగిపోతున్నాడు.

ఫోనంతా తెరిచే ఉంటుంది. ఒక్క వీడియోల యాప్‌కు మాత్రం అతని భార్య కాసులమ్మ వేలిముద్ర తాళం వేసుకుంది.

"నాను కునుకు తీత్తంటే నా వేళ్లు అరువు తీసుకున్నావేటి? సిగ్గు నేదా మావా?"

"మాట మార్సకు. ఎవుడు?"

"జీడిపిక్కలు ఒలిసే సేతులకి ముద్దరలు మిగుల్తాయేటి? ఆ సొనకి ఎప్పుడో ఊడిపోనాయి." ఆమె కుడికాలు బల్ల మీదికెత్తి, బొటనవేలు ఫోనుకు ఆనించింది.

యాప్ తెరుచుకుంది. ఎవరో ఆవిడ ఎండునెత్తళ్ల పులుసు కలుపుతోంది. దాని కింద ఇంకో పులుసు, ఆ కింద మరొకటి.

నూకయ్య గుటక వేశాడు. కిడ్నీ డాక్టరు ఎండుచేప మానమన్నది అతన్ని ఒక్కడినే. ఏడాదిగా ఆ ఇంట్లో పొయ్యి మీదికి ఆ కూర రాలేదు.

"నువ్వు సూత్తే నోరూరతాదని తాళం ఏసినాను," అంది కాసులమ్మ.

అతను ఫోను ఆమె ఒళ్లో పెట్టాడు.

"రేపు నీ మట్టుకు వండుకోవే. వాసన పీల్సొద్దని డాట్రు సెప్పనేదు."